ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ముల్లు 1.1 చూపించిందని సంబరపడకండి, ముందు కేబుల్ సంగతి చూడండి

ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, ఏమీ రాకపోతే 1.0) తక్కువ వస్తే యాంటెన్నా బాగున్నట్టే అనే నమ్మకం మన హ్యాముల్లో, అంటే అభిరుచితో రేడియో నడిపేవాళ్లలో, బాగా పాతుకుపోయింది. దీన్ని నమ్మి కొత్తవాళ్లు మంచి యాంటెన్నాలు చెడగొట్టుకుంటున్నారు, అదే నా బాధ. పవర్‌ని వేడిగా మార్చేసే ఉత్త రెసిస్టర్, 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ కూడా 1.0 చూపిస్తుంది. దాంతో పక్క ఊరికి మాట చేరుతుందా?

డాబా మీద 2 మీటర్ల బ్యాండ్ యాంటెన్నా, కిందికి 30 మీటర్ల ఆర్‌జీ-58 (సన్న రకం కోయాక్స్ కేబుల్) అనుకోండి. 145 మెగాహెర్ట్జ్‌లో ఆ కేబులే సుమారు 6 డీబీ, అంటే పవర్‌లో నాలుగింట మూడొంతులు, తినేస్తుంది. రిగ్ (రేడియో సెట్) 50 వాట్లు పంపితే పైకి చేరేది 12 చిల్లర. తిరిగొచ్చే పవర్ కూడా దారిలో మళ్లీ 6 డీబీ పోగొట్టుకుంటుంది. అందుకే పైన యాంటెన్నా పూర్తిగా ఊడిపోయినా కింద మీటరు 1.7 దగ్గరే ఉంటుంది! కనెక్టర్‌లోకి వాన నీళ్లు దిగి బ్రెయిడ్ (కేబుల్ లోపలి తీగ చుట్టూ ఉండే అల్లిక) నల్లబడితే లాస్ పెరిగి రీడింగ్ ఇంకా తగ్గొచ్చు. ఏమీ మార్చకుండానే ఏటికేడు ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గుతోందంటే కేబుల్‌నే అనుమానించండి. తేల్చుకోవడం తేలికే: పైన యాంటెన్నా విప్పి కేబుల్ కొస షార్ట్ చేయండి, కింద రిగ్ బదులు నానోవీఎన్‌ఏ (యాంటెన్నా, కేబుల్ కొలిచే చిన్న పరికరం) పెట్టండి. అది చూపే రిటర్న్ లాస్‌లో (పంపినదానికన్నా తిరిగొచ్చింది ఎన్ని డీబీలు తక్కువో) సగం కేబుల్ లాస్. ఫ్రీక్వెన్సీ రేంజ్ మార్చినప్పుడల్లా పరికరానికి ఓపెన్, షార్ట్, లోడ్ కాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది పావు వేవ్ వర్టికల్ (తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఎత్తుతో నిలువుగా నిలబెట్టే యాంటెన్నా). మంచి గ్రౌండ్ మీద దాని రెసిస్టెన్స్ 36 ఓమ్‌లు, అంటే 50 ఓమ్‌ల కేబుల్‌తో ఎస్‌డబ్ల్యూఆర్ 1.4. నేల మీద నాలుగు రేడియల్స్ (యాంటెన్నా మొదలు నుంచి చుట్టూ వేసే తీగలు) పరిచి 1.0 సాధించారంటే, మిగతా 14 ఓమ్‌లు నేల కలిపినవే. పవర్‌లో 28 శాతం మట్టిని వేడి చేస్తోంది. ఇంకో 16 రేడియల్స్ వేస్తే రీడింగ్ 1.3కి పెరగొచ్చు. పెరిగిందని భయపడి ఆ తీగలు పీకేయకండి, యాంటెన్నా బాగుపడింది!

7.1 మెగాహెర్ట్జ్ డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు తీగల యాంటెన్నా) తీగని ఎంత కోసినా రీడింగ్ నిలకడగా లేదా? నానోవీఎన్‌ఏతో కొలుస్తూ కోయాక్స్‌ని చేత్తో పట్టుకోండి, రెండు మీటర్ల ముక్క అదనంగా కలపండి. రీడింగ్ కదిలితే బ్రెయిడ్ బయటి వైపు కరెంట్ పారుతున్నట్టే. ఫీడ్‌పాయింట్ (కేబుల్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గర ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ కోర్ మీద కోయాక్స్‌ని 12 చుట్లు చుట్టి, ఆ కరెంట్‌ని అడ్డుకునే చోక్ పెట్టండి. కటింగ్ ప్లయర్ తీసేది ఆ తర్వాతే.

అదే 7 మెగాహెర్ట్జ్‌లో 20 మీటర్ల ఆర్‌జీ-213 (లావు కోయాక్స్)తో ఎస్‌డబ్ల్యూఆర్ 2.0 వస్తే వదిలేయండి. 11 శాతం వెనక్కి వచ్చినా అదంతా పోయినట్టు కాదు, అదనంగా పోయేది 0.1 డీబీ ప్రాంతమే. రిగ్ తనంతట తానే పవర్ తగ్గించేసుకుంటుంటే ట్యూనర్ (రిగ్‌కి 50 ఓమ్‌లు కనిపించేలా సర్దే పెట్టె) పెట్టుకోండి, తీగ జోలికి పోవద్దు.