సవరణ: మినరల్ మిక్స్చర్‌లో జింక్ పరీక్ష

పశువుల మినరల్ మిక్స్చర్‌లో జింక్‌ను ఏఏఎస్‌ (అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూసి లోహాన్ని కొలిచే యంత్రం)తో కొలిచే పద్ధతి గురించి గత పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దది. బూడిద చేసిన 1 గ్రాము నమూనాను యాసిడ్‌లో కరిగించి 100 మి.లీ. చేశాక, అందులో 10 మి.లీ. తీసి మళ్లీ 100 చేయమన్నాం. 1 శాతం జింక్ ఉంటే అది లీటరుకు 10 మి.గ్రా. అవుతుంది. జింక్‌ను కొలిచే కాంతి తరంగదైర్ఘ్యం 213.9 నానోమీటర్ల దగ్గర గ్రాఫ్ లీటరుకు సుమారు 1 మి.గ్రా. వరకే సరళరేఖలా నడుస్తుంది, ఆపైన వంగిపోతుంది. అంటే మంచి సరుకు కూడా తక్కువ చూపిస్తుంది. 10 మి.లీ. బదులు 1 మి.లీ. తీసి 200 చేయండి, 1 శాతం జింక్‌కు రీడింగ్ లీటరుకు 0.5 మి.గ్రా. దగ్గర పడుతుంది. రీడింగ్‌ను 2తో గుణిస్తే నేరుగా శాతం. స్టాండర్డ్‌లలోనూ (జింక్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) నమూనాలో ఉన్నంత యాసిడే ఉండాలి. కాల్షియం ఎక్కువ కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ కరెక్షన్ (జింక్ కానివి ఆపే కాంతిని లెక్కలోంచి తీసేసే ఏర్పాటు) ఆపొద్దు.

రెండోది: జింక్ సల్ఫేట్‌లో 36 శాతం జింక్ అని రాశాం, కానీ అది ఒక్క నీటి అణువున్న మోనోహైడ్రేట్‌కే. ఏడు నీటి అణువులున్న హెప్టాహైడ్రేట్‌లో 22.7 శాతమే. కిలో జింక్‌కు అది 4.4 కిలోలు పడుతుంది.

బ్లాంక్‌లో (నమూనా వేయకుండా చేసిన ద్రావణం) జింక్ కనిపిస్తే ముందు రబ్బరు బిరడాలను అనుమానించండి.