సప్లై కంపెనీ సింహాసనం గారికి

అయ్యా,

పాలకొల్లు దగ్గర ఒక ఊరి సంఘం నుంచి వందనాలండి. ముఖ్యంగా మీ ఎర్ర వెల్వెట్‌కీ, చేతుల మీదున్న సింహం తలకాయలకీ.

నిన్న రాత్రి ఉజ్జీవ కూటాల్లో దైవజనులు మీలో కూర్చుంటే ఆయన కనపడలేదు, మీరే కనపడ్డారు. మొన్న పెళ్లికొడుకు, అంతకుముందు సన్మాన సభలో ఎమ్మెల్యేగారు కూర్చున్నదీ మీలోనే. సీటు సందులో అక్షింతలు ఇంకా అలాగే ఉన్నాయి. పక్కన ఎండిన బంతిపువ్వు రెక్క. ఎక్కినవాళ్లలో ఒక్కరికైనా చెప్పారా, మీది రోజు అద్దె అని? సభ అవ్వగానే మిమ్మల్ని టాటా ఏస్‌లో తిరగేసి, మీమీద వంట గిన్నెలు పడేస్తారని? చెప్పరు. మీ వ్యాపారం నడిచేదే ఆ మౌనం మీద.

మీ వంశ చరిత్ర మాకు తెలుసులెండి. నెబుకద్నెజరు మేడ మీద పచార్లు చేస్తూ, ఈ బబులోను నేనే కట్టించానన్నాడు. మాట నోట్లో ఉండగానే రాజ్యం పోయింది, పశువులతో గడ్డి మేశాడు. జుట్టు గద్ద ఈకల్లా పెరిగింది. నయం, ఆకాశం వైపు చూశాక బుద్ధీ రాజ్యమూ తిరిగొచ్చాయి. తర్వాత బబులోను ఏలిన బెల్షస్సరుకి ఆ గడువూ దొరకలేదు. నీ పని అయిపోయిందని గోడమీద పడ్డ రాత చదివించుకున్నాడు, ఆ రాత్రే చచ్చాడు. మా ఊళ్లో ఆ భయం లేదు, గోడలన్నీ ఫ్లెక్సీలతో మూసేశాం.

మీ కుడి ఎడమల ప్లాస్టిక్ కుర్చీల సంగతి వేరే చెప్పాలా? యెరూషలేములో నన్ను చంపుతారని యేసు చెప్పీ చెప్పగానే శిష్యులు యాకోబు, యోహాను వచ్చి, మహిమలో నీ కుడిపక్క ఒకరం, ఎడమపక్క ఒకరం కూర్చుంటామన్నారు. మా పెద్దలు అంతకంటే ముందుచూపున్నవాళ్లు. కుర్చీల మీద ముందే తువ్వాళ్లు వేసేస్తారు.

తువ్వాలంటే గుర్తొచ్చింది. యేసు నడుముకి తువ్వాలు కట్టుకుని, తనని అప్పగించబోయే యూదా కాళ్లు కూడా కడిగాడు. మొన్న పవిత్ర గురువారం మేమూ కడిగాం. ముఖ్య అతిథిగారిని మీలో కూర్చోబెట్టాం. ఇంటి దగ్గర సబ్బుతో తోముకొచ్చిన పాదాలు, స్టీలు పళ్లెం, గోరువెచ్చని నీళ్లు. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్లీ కడిగాం. చీపురు పట్టే ముసలమ్మ కాళ్ల జోలికి ఎవరూ వెళ్లలేదు, అవి నిజంగానే మట్టిగా ఉన్నాయి.

1836లో ఇంగ్లండ్‌లో ఓడెక్కి వచ్చి, నరసాపురంలో మకాం పెట్టిన మిషనరీలలో బౌడెన్ రాళ్లు చెక్కేవాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇప్పుడొస్తే వాళ్లని మీ దరిదాపుల్లోకి రానిస్తారా అని మా అనుమానం.

చివరగా ఒక విన్నపం. నలభై ఏళ్లు ఇశ్రాయేలుకు న్యాయం తీర్చిన ఏలీ, పీఠం మీంచి వెనక్కి పడి, మెడ విరిగి పోయాడు. మీ వెనక కాలు ఒకటి ఊగుతోంది. మేకు కొట్టమని సప్లై కంపెనీ కుర్రాడికి చెప్పాం. ముహూర్తాలు అయిపోయాక చూద్దామన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ మీరే బుక్కయ్యారు, వచ్చే అతిథిగారు కాస్త భారీ మనిషి.

ఇట్లు,
వెనక చాప మీద కూర్చునే ఒక విశ్వాసి