లక్ష రూపాయల లాప్‌టాప్, అమీర్‌పేట కోర్సు లేకపోతే సైబర్ సెక్యూరిటీ రాదా?

ఇంజనీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లోనూ, వాళ్ల అమ్మానాన్నల గ్రూపుల్లోనూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. భీమవరంలో చూసినవాళ్లు అమలాపురానికి, అక్కడివాళ్లు కాకినాడకి పంపుతున్నారు. రాసినవాళ్ల పేరుండదు, ఫోన్ నంబరు మాత్రం ఉంటుంది. సారాంశం ఇది: సైబర్ సెక్యూరిటీ నేర్చుకోవాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. గోదావరి జిల్లాల్లో నేర్పే దిక్కూ లేదు, పోటీలూ లేవు, ఈ చదువుకి పనీ లేదు. లక్ష రూపాయల లాప్‌టాప్ ఉండాలి. సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) సర్టిఫికెట్ లేనివాడి రెజ్యూమే ఎవరూ తెరవరు. ఇంట్లో కూర్చుని సొంతంగా ప్రయోగాలు చేస్తే పోలీసు కేసవుతుంది. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలన్నీ ఏఐ ఊడ్చేస్తోంది కాబట్టి వెంటనే మా ఆరు నెలల కోర్సులో చేరండి, నూరు శాతం ప్లేస్‌మెంట్.

డెల్టాలో ఇంజనీరింగ్ పిల్లలకి నెట్‌వర్క్స్ పాఠం చెప్పుకునేవాణ్ణి నేను. ఈ మెసేజ్ చూపించి "చేరమంటారా సార్?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. తలొకరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాస్తున్నాను. అందులో అంతా అబద్ధమే అనను. ఒక నిజం ఉంది, దాని దగ్గరికొచ్చినప్పుడు చెబుతాను.

"హైదరాబాద్ వెళితేనే చదువు"

ఖరగ్‌పూర్ ఐఐటీ ఆచార్యుడు ఇంద్రనీల్ సేన్‌గుప్తా చెప్పిన ఎథికల్ హ్యాకింగ్ (అనుమతి తీసుకుని లోపాలు వెతకడం) పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో మొత్తం ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. వెబ్‌సైట్ల భద్రత పరీక్షించేవాళ్లలో దాదాపు అందరూ వాడే బర్ప్ సూట్‌ని తయారుచేసిన పోర్ట్‌స్విగ్గర్ కంపెనీయే వెబ్ సెక్యూరిటీ అకాడమీ అని నడుపుతోంది. పాఠం, ప్రాక్టీసు ల్యాబ్ రెండూ ఉచితమే. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో మొదటి మెట్టు కోర్సుకీ డబ్బు అక్కర్లేదు. ఆ ఆరు నెలల కోర్సు సిలబస్ తెప్పించుకుని వీటి పక్కన పెట్టి చూడండి, అమ్ముతున్నదేమిటో తెలుస్తుంది.

మన వైపు చదువే లేదన్నదీ తప్పే. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీల్లో సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ బ్రాంచి నడుస్తోంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది. కాకపోతే బ్రాంచి ఉన్నంతమాత్రాన చదువు ఉన్నట్టు కాదు. చాలాచోట్ల ల్యాబ్ అంటే సీజర్ సైఫర్ (ప్రతి అక్షరాన్నీ కొన్ని స్థానాలు జరిపి రాసే గుప్తలిపి) ప్రోగ్రామ్ ఒకటి రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకోవడమే. ఆ లోటు హైదరాబాద్ వెళ్లినంత మాత్రాన తీరదు. అక్కడ కూడా పీపీటీ చూపించి పంపేవాళ్లున్నారు.

"లక్ష రూపాయల లాప్‌టాప్"

ఇది చదివి కాళ్లు చల్లబడే పిల్లలున్నారు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఓవర్‌దివైర్ అనే చోట బాండిట్ అని ఒక ఆట ఉంది. ఎక్కడో ఉన్న లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్‌లోకి మనం ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) ద్వారా లాగిన్ అవుతాం. ఒక్కో మెట్టులో పై మెట్టు పాస్‌వర్డ్ దాగి ఉంటుంది. పనంతా ఆ దూరపు కంప్యూటరే చేస్తుంది, మన దగ్గర కీబోర్డూ తెరా ఉంటే చాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ (లినక్స్ కమాండ్లు కొట్టే యాప్) వేసుకుని ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ పెట్టుకుంటే నరసాపురం బస్సులో కూర్చుని కూడా ఆడొచ్చు. సిగ్నల్ ఉన్నంతసేపూ.

మొదటి మెట్టులో రీడ్‌మీ అనే ఫైలు చదివితే సరి. రెండో దానికే చాలామంది ఆగిపోతారు. అక్కడ ఫైలు పేరు ఉత్త చిన్న గీత, హైఫన్. ఫైలు చదివి చూపించే క్యాట్ కమాండ్ పక్కన ఆ గీత పెడితే ఫైలు తెరుచుకోదు. కర్సర్ అలా మిణుకుమంటూ కూర్చుంటుంది, ఎందుకంటే ఆ గీత ఇస్తే "కీబోర్డు నుంచి చదువు" అని క్యాట్ అర్థం చేసుకుంటుంది. ముందు చుక్కా స్లాషూ పెట్టి, ఈ ఫోల్డర్‌లోనే ఉన్న ఫైలని చెబితే తెరుస్తుంది. ప్రోగ్రామ్ తనకి అందిన అక్షరాలను ఏమని అర్థం చేసుకుంటుందో గమనించడం ఇక్కడ మొదలవుతుంది. తర్వాత ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (వెబ్‌సైటులో టైపు చేసే చోట డేటాబేస్ ఆజ్ఞలు దూర్చే దాడి) దగ్గర పనికొచ్చేది సరిగ్గా ఈ చూపే. ఇంకా పైకెళితే రాట్-13తో దాచిన పాస్‌వర్డ్ ఎదురవుతుంది. అది మన ల్యాబ్ రికార్డులో ఉన్న సీజర్ సైఫరే, పదమూడు అక్షరాలు జరిపినది. రికార్డులో రెండు పేజీలు రాయించే పనిని అక్కడ అక్షరాలు మార్చే టీఆర్ అనే కమాండుతో ఒక్క లైనులో చేస్తారు.

బాండిట్‌లో ఇరవై మెట్లు ఎక్కాక కూడా ఉత్సాహం ఉంటే అప్పుడు లాప్‌టాప్ సంగతి ఆలోచించొచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్‌దైనా చాలు, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే ప్రోగ్రామ్) కాలీ లినక్స్ (భద్రత పరీక్షించే టూల్స్‌తో వచ్చే లినక్స్) నడుస్తుంది. కాలీ పూర్తిగా ఉచితం. అది పెట్టుకున్నంత మాత్రాన హ్యాకర్ అయిపోయినట్టు స్టేటస్ పెట్టేవాళ్ల జోలికి నేను పోను.

"మన వైపు పోటీలు ఉండవు"

ఈ రంగంలో పోటీలంటే ముఖ్యంగా సీటీఎఫ్‌లు, అంటే క్యాప్చర్ ద ఫ్లాగ్. బలహీనతలున్న ప్రోగ్రాములు, వెబ్‌సైట్లు, గుప్తలిపి చిక్కులు ఇస్తారు. ఛేదిస్తే ఫ్లాగ్ అనే ఒక అక్షరాల వరస దొరుకుతుంది, దానికి మార్కులు. ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే, శని ఆదివారాల్లో జరుగుతాయి. ఏ వారం ఏది ఉందో సీటీఎఫ్‌టైమ్ సైటులో చూడొచ్చు. వీటిలో చాలావాటికి మీ ఊరు ఏదని అడిగేవాడుండడు. వర్షాకాలంలో కరెంటు మాత్రం మన సమస్యే.

కొత్తవాళ్లకి పికోసీటీఎఫ్ మంచి ప్రవేశం. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 2013లో మొదలుపెట్టింది. బహుమతుల అర్హత కొన్ని దేశాలవాళ్లకే పరిమితం, ఆడటం అందరికీ ఉచితం. పాత ప్రశ్నలు చాలావరకు పికోజిమ్‌లో ఏడాది పొడుగునా ఉంటాయి. సీ-సా (CSAW) అనే పోటీని న్యూయార్క్ విశ్వవిద్యాలయం టాండన్ స్కూల్ నడుపుతుంది, మన దేశపు అంచెను ఐఐటీ కాన్పూర్ చూసుకుంటుంది. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ సంగతి కాలేజీల్లో అందరికీ తెలిసిందే, అందులో సైబర్ భద్రతకి సంబంధించిన సమస్యలూ ఇస్తుంటారు.

"పెద్ద నగరంలో ఉంటేనే" అనేవాళ్లకి నేను చెప్పేది అమృతపురి సంగతి. కేరళలో కొల్లాం జిల్లా, కొబ్బరి చెట్లు, కాలవలు, పక్కనే సముద్రం. మన కోనసీమ వాడిని తీసుకెళ్లి దింపితే అంతర్వేది దగ్గరే ఉన్నాననుకుంటాడు. అక్కడి అమృత విశ్వవిద్యాపీఠం విద్యార్థుల జట్టు బయోస్ ఏళ్ల తరబడి సీటీఎఫ్‌టైమ్ ర్యాంకుల్లో దేశంలో ముందు వరసలో ఉంటూ వచ్చింది. కాలేజీ పిల్లల కోసం ఇన్‌సీటీఎఫ్ పోటీ నడిపిందీ వాళ్లే. సీనియర్లు జూనియర్లని కూర్చోబెట్టుకుని నేర్పడం, ఆ అలవాటు ఏటా తెగకుండా చూసుకోవడం, అదే వాళ్ల బలం. మన కాలేజీల్లో క్లబ్బు అంటే ప్రారంభోత్సవం, బ్యానరు, ఫొటో. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోగానే క్లబ్బూ వెళ్లిపోతుంది. మన వెనకబాటుకి కారణం వెతకాలనుకుంటే ఇక్కడ వెతకాలి. దూరాన్ని అనవసరంగా తిట్టుకుంటున్నాం.

మొదటి సీటీఎఫ్‌లో ఒక్క ఫ్లాగూ రాకపోవచ్చు, ఫర్వాలేదు. పోటీ అయిపోయాక ఛేదించిన జట్లు ఎలా చేశాయో రైటప్‌లు రాసి పెడతాయి. సోమవారం కూర్చుని వాటిని చదువుతూ ఆ ప్రశ్నల్నే మళ్లీ చేసేవాడు ముందుకెళతాడు. మిగిలినవాళ్లకి పార్టిసిపేషన్ సర్టిఫికెట్ మిగులుతుంది.

మనుషుల్ని ముఖాముఖి కలవాలంటే మాత్రం హైదరాబాద్ వెళ్లడంలో అర్థముంది. నల్ అనే సెక్యూరిటీ సమూహానికి అక్కడ శాఖ ఉంది, వాళ్ల మీట్‌లకి ప్రవేశం ఉచితం. కాకినాడలోనో సామర్లకోటలోనో రాత్రి గౌతమి ఎక్కితే పొద్దున్నకి అక్కడుంటారు. ఆరు నెలల హాస్టల్ అద్దెకీ, ఒక టికెట్‌కీ తేడా లెక్కేసుకోండి.

"సీఈహెచ్ లేకపోతే రెజ్యూమే తెరవరు"

కొన్ని కంపెనీల హెచ్ఆర్ వాళ్లు ఆ మూడక్షరాల కోసం చూస్తారన్నది నిజమే. అదొక్కటే దారి అన్నది నిజం కాదు. ఇంటర్వ్యూలో కూర్చునే ఇంజనీరు అడిగేది వేరు: బ్రౌజర్‌లో అడ్రసు కొడితే ఏమేం జరుగుతుంది, ఈ లాగ్‌లో నీకేం తేడా కనిపిస్తోంది. ఈ రంగంలో పేరున్న ఇంకో సర్టిఫికెట్, ఓఎస్‌సీపీ పరీక్ష చూడండి. దాదాపు 24 గంటలపాటు నిజంగా యంత్రాల్లోకి చొరబడాలి, ఆ తర్వాత ఇంకో 24 గంటల్లో రిపోర్టు రాసి పంపాలి. ఎలా చొరబడ్డావో ఎదుటివాడికి అర్థమయ్యేలా రాయలేకపోతే ఫెయిలే. మూడో ఏడాది పిల్లవాడు లక్షలు అప్పు చేసి సర్టిఫికెట్ కొనుక్కునే బదులు తాను చేసిన ల్యాబ్‌ల మీద రైటప్‌లు రాసి గిట్‌హబ్‌లో (మన పనిని అందరికీ కనిపించేలా పెట్టుకునే సైటు) పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. డబ్బు చేతికొచ్చాక, వీలైతే కంపెనీ ఖర్చుతోనే, సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

"ఇంట్లో నేర్చుకుంటే పోలీసు కేసు"

సగం నిజాన్ని పట్టుకుని బెదిరించడం ఇది. మిగతా సగం తెలియకపోయినా ప్రమాదమే కాబట్టి సరిగ్గా చెప్పుకుందాం.

ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 ప్రకారం సొంతదారు అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకి వెళ్లడం, డేటా తీసుకోవడం, వైరస్ పెట్టడం తప్పు, నష్టపరిహారం కట్టాలి. అదే పని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గీత ఎక్కడుందో గమనించారా? అనుమతి దగ్గర. బాండిట్, పికోసీటీఎఫ్, పోర్ట్‌స్విగ్గర్ ల్యాబ్‌లు మనం ఛేదించడానికే కట్టినవి. మీ లాప్‌టాప్‌లో మీరే పెట్టుకున్న వర్చువల్ మెషీన్ మీది. వీటి మీద రాత్రంతా కుస్తీ పట్టినా ఎవరూ అడగరు.

పక్కింటివాళ్ల వైఫై పాస్‌వర్డ్ పగలగొట్టడం, కాలేజీ ఈఆర్‌పీలో (హాజరూ మార్కులూ ఉండే సాఫ్ట్‌వేర్) అటెండెన్స్ మార్చగలమేమో చూడటం, రిజల్ట్స్ సైటు మీద లోపాలు వెతికే స్కానర్ వదలడం వేరే సంగతి. "నేర్చుకోవడానికే చేశాను సార్" అంటే అక్కడ చెల్లదు. కంపెనీలు బగ్ బౌంటీ (లోపం చూపించినవాళ్లకి బహుమతి) ప్రకటించినా వాటి నిబంధనల్లో రాసిన సైట్ల వరకే అనుమతి. ఆ జాబితా చదవకుండా మొదలుపెట్టకండి.

అనుకోకుండా ఏదైనా కంటబడితే? ఫీజు కట్టే పోర్టల్ అడ్రసులో నంబరు మారిస్తే వేరేవాళ్ల రసీదు కనిపించిందనుకుందాం. అక్కడితో ఆగాలి. ఇంకో పది నంబర్లు మార్చి చూడటం, డౌన్‌లోడ్ చేయడం, గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టడం వద్దు. చూసింది రాసుకుని సంబంధిత సంస్థకి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇలాంటి లోపాల సమాచారాన్ని తీసుకుంటుంది. 2021 నుంచి లోపాలకి సీవీఈ నంబర్లు (ప్రపంచమంతా ఆ లోపాన్ని గుర్తుపట్టే నంబర్లు) ఇచ్చే అధికారమూ దానికుంది.

"ఏఐ ఊడ్చేస్తోంది, అందుకే మా కోర్సు"

మిగతా ఉద్యోగాలను ఊడ్చే ఏఐ ఈ ఒక్క కోర్సు గుమ్మం ముందు చీపురు కింద పడేసి దండం పెడుతుందట. 2025లో ఎక్స్‌బో అనే ఏఐ వ్యవస్థ బగ్ బౌంటీలు నడిపే హ్యాకర్‌వన్ సైటు అమెరికా పట్టికలో అగ్రస్థానానికి చేరింది. అదే ఏడాది ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే సాఫ్ట్‌వేర్‌ని నిర్వహించే డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐతో రాయించిన ఉత్తుత్తి బగ్ రిపోర్టులు చదవలేక చస్తున్నామని మొత్తుకున్నాడు. రెండూ ఒకే కాలపు వార్తలు. యంత్రం కనిపెడుతుంది, కల్పిస్తుంది కూడా. ఏది ఏదో తేల్చే మనిషి కావాలి. టూల్‌లో ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో నేర్పే కోర్సు చేసినవాడికే ముందు ముప్పు.

నూరు శాతం ప్లేస్‌మెంట్ అనేవాళ్లని ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. విదేశాల్లో ఉద్యోగమంటే మరీ జాగ్రత్త. డేటా ఎంట్రీ పనులని కంబోడియా తీసుకెళ్లి మన కుర్రాళ్ల చేతే సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

"ఇక్కడ ఈ చదువుకి పనేముంది"

ఇందాక చెబుతానన్న ఆ నిజం ఇదే. ఈ రంగంలో మొదటి ఉద్యోగం కోసం మన పిల్లలు ఎక్కువమంది హైదరాబాదో బెంగళూరో వెళ్లక తప్పదు. కానీ ఉద్యోగం కోసం ఊరు దాటడం వేరు, నేర్చుకోవడానికి దాటడం వేరు.

పని మాత్రం ఇక్కడా బోలెడుంది. 2024 జులై చివర్లో బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగితే, దాని సేవలు వాడుకునే దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు అంతరాయం కలిగింది. సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, అంటే మన రొయ్యల రైతులూ వరి రైతులూ వెళ్లే రకం బ్యాంకులు. రెండో ఏడాది తర్వాత వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ చేయాలి. మరుగుదొడ్ల సర్వే ఫారాలు ఇంట్లో కూర్చుని నింపే బదులు, ఊళ్లోవాళ్ల ఫోన్లకి వచ్చే ఏపీకే ఫైళ్ల (ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) మీద ఆ ప్రాజెక్టు చేయొచ్చు. పెళ్లి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వస్తున్నాయే, అవి. ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా, వర్చువల్ మెషీన్‌లో జాడ్‌ఎక్స్ లాంటి ఉచిత టూల్‌తో విప్పి మ్యానిఫెస్ట్ ఫైలు చదివితే ఏయే అనుమతులు అడుగుతోందో కనిపిస్తుంది. శుభలేఖకి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి దేనికి? ఓటీపీల కోసం. ఆ సంగతి ఊళ్లో రచ్చబండ దగ్గర తెలుగులో చెప్పి, డబ్బు పోయినవాళ్ల చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయించి, చేసినదంతా పది పేజీల రిపోర్టుగా రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అని అడిగినప్పుడు బల్లమీద పెట్టడానికి అది చాలు.