‘ఖర్చు’ను తెలుగు నుంచి వెళ్లగొట్టేవారికి

ఉగాది తర్వాత ఆ సందేశం నా ఫోనుకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవారంతా మిత్రులే. ‘ఖర్చు’ తెలుగు కాదట. నిజాం కాలంలో హైదరాబాదు నుంచి అంటిన మకిలి అట. అచ్చ తెలుగులో ‘వ్యయం’ అనాలట. పైగా ఖర్చంటే దుబారా, వ్యయమంటే సద్వినియోగం అట.

చివరిదానికి ఒక్క మాట చాలు. ఆసుపత్రి ఖర్చులో దుబారా ఏముంది? పంచాంగంలో ఆదాయం 2, వ్యయం 14 అని వింటే ఎవరైనా సంతోషిస్తారా?

వ్యయం అచ్చ తెలుగని ఎవరు చెప్పారు? అది సంస్కృతం. ఖర్చు అరబ్బీలో పుట్టి పారసీ మీదుగా వచ్చింది. రెండింటి మూలార్థమూ పోవడమే. రెండూ బయటి నుంచి వచ్చి మన ఇంట్లో స్థిరపడినవే. ఒకదానికి పీట వేసి, ఇంకొకదాన్ని గుమ్మం బయట నిలబెట్టడం ఏం న్యాయం? ఖర్చును ‘రద్దు’ చేయాలని రాశారే, ఆ రద్దు ఎక్కడిది? అదీ అరబ్బీయే.

నాకు అసలు కోపం తెప్పించింది ‘మకిలి’ అన్న మాట. నిజాములు, అంటే ఆసఫ్ జాహీలు, వచ్చింది 1724లో. అంతకు ముందే, 1518 నుంచి 1687 వరకు, గోల్కొండను కుతుబ్ షాహీలు ఏలారు. మచిలీపట్నం వారి రేవే. వారి ఫర్మానాలు పారసీతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయి. జమ, వసూలు, బాకీ, జిల్లా, చివరికి ‘రైతు’ కూడా పారసీ, అరబ్బీల నుంచి వచ్చినవే. గుంటూరులో రైతు అనకుండా ఒక్క రోజు గడపగలరా? మరి నింద హైదరాబాదుకే ఎందుకు?

హైదరాబాదు మలక్‌పేటలో మా అమ్మ నోటుపుస్తకంలో ‘జమ’, ‘ఖర్చు’ అని రెండు వరుసలు గీసి ఇల్లు నడిపింది. డబ్బాలో బియ్యం అయిపోతే ‘ఖర్చయ్యాయి’ అనేది. ‘బియ్యం వ్యయమయ్యాయి’ అని ఏ వంటింట్లో విన్నారు? ఈ సందేశం చదివిన పిల్లలు అలాంటి అమ్మల భాషను తక్కువగా చూస్తారు. దాన్ని నేను సహించను.

ఆ సందేశంలో ఒక్క వాక్యం మాత్రం నిజమే. తెలుగులో ‘సెలవు’కు ఖర్చు అన్న అర్థమూ ఉండేది. తమిళులు నేటికీ ఖర్చును సెలవనే అంటారు. మనం ఆ అర్థాన్ని వదులుకున్నందుకు నాకూ బాధగానే ఉంది. ‘సమయం ఖర్చు పెట్టడం’ కన్నా ‘సమయం వెచ్చించడం’ నాకూ ఇష్టమే. అలాంటి మాటలు వాడండి, నేనూ వాడతాను. వాటికి చోటివ్వడానికి మా అమ్మ పుస్తకంలో రెండో వరుస కొట్టేయనక్కరలేదు.