2,300 వికర్స్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 2,300 వికర్స్ గారి సముఖానికి,

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక లేతు షాపు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా: లారీ బాడీల మీద పడే సుత్తి దెబ్బల మధ్య మేమంతా ఇక్కడ క్షేమం. వజ్రపు మొన గుచ్చి గట్టిదనం కొలిచే వికర్స్ లెక్కలో తమరొక అంకె. డ్రిల్లు బిట్ల పెట్టె మూత మీద, సర్టిఫికెట్టులో, అమ్మకానికి వచ్చే కుర్రవాడి నోట్లో తమరు కూడా క్షేమమేనని తెలిసి సంతోషించాము.

టైటానియం నైట్రైడ్ పూతకు తమరే బిరుదు. కింద ఉన్న హైస్పీడ్ స్టీలు 800, 900 దగ్గరే ఆగిపోతుంది పాపం. పైగా పూతది బంగారు రంగు. బీసెంట్ రోడ్డులో అద్దం వెనుక పెట్టినా ఎవరూ అనుమానించరు. మా వాళ్లు ఆకురాయితో బిట్టు మీద ఒకసారి గీస్తారు. అది జర్రున జారుతుంది. ‘గట్టిదే’ అని తీర్పు. తమరి ఎన్నిక ఏకగ్రీవం.

తమరి పుట్టుక సంగతి మాత్రం ఎవరూ అడగరు. పూత మందం రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడు. వజ్రపు మొన అందులో పదో వంతు కన్నా లోతుకు దిగితే కింది స్టీలు కూడా లెక్కలోకి వచ్చి అంకె పడిపోతుంది. అందుకని గ్రాముల బరువుతో మెల్లగా ఆనించి కొలుస్తారు. అంటే, పూతకు నొప్పి తెలియకుండా తీసిన కొలత తమరు. మా దగ్గర పని వేరు. కీ గాడి ఉన్న షాఫ్టును తిప్పితే ప్రతి చుట్టుకూ టూలు అంచుకు ఒక దెబ్బ. స్టీలు కాస్త లొంగుతుంది. నైట్రైడ్ పింగాణీ జాతిది, వంగడం దాని వంశంలో లేదు. పరుపు మీద అప్పడం పరిచి పైన కూర్చుంటే ఏమవుతుందో అదే అవుతుంది. ఈ పూత తరచు నిలువు స్తంభాలుగా పెరుగుతుంది కనుక, వాటి సందుల్లోంచి పగులుకు రాచబాట కూడా సిద్ధం. భూతద్దం పెట్టి చూస్తే అంచున బంగారం ఎగిరిపోయి బూడిదరంగు స్టీలు కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం. సర్టిఫికెట్టులో తమరు అప్పటికీ 2,300గానే ఉంటారు!

తమరు పెళ్లిళ్లకు పిలవని బంధువులు ఇద్దరున్నారు, స్టీలు మీద పూత పట్టును తేల్చే పరీక్షలు. ఒకరు రాక్‌వెల్ ముద్ర. 120 డిగ్రీల వజ్రపు శంకువును 150 కిలోల బరువుతో దించి, గుంట చుట్టూ మైక్రోస్కోపులో చూస్తారు: వెంట్రుకవాసి పగుళ్లేనా, పూత రేకులుగా లేచిందా? జర్మన్ ఇంజనీర్ల సంఘం దీనికి ఆరు తరగతులు పెట్టింది. మొదటి నాలుగూ పాసు, చివరి రెండూ ఫెయిలు. రెండోవారు గీత పరీక్ష. బరువు పెంచుకుంటూ వజ్రాన్ని పూత మీద ఈడుస్తారు. ఎన్ని న్యూటన్ల దగ్గర మొదటి పగులు, ఎన్నింటి దగ్గర పూత ఊడింది అని రెండు అంకెలు రాస్తారు. నన్నడిగితే ఆ రెండింటి మధ్య ఎడమే అసలు సంగతి. పగిలినా పట్టు వదలని పూత కావాలి మాకు.

ఆ అంకెలు పెట్టె మీద ఎందుకు వేయరని అమ్మకపు కుర్రవాడిని అడిగాను. ‘గట్టిదనం 2,300 సార్’ అన్నాడు.

కాబట్టి తమరికి ముందుగా తెలియజేస్తున్నాను. ఇకపై రేకులో రంధ్రాలు కొట్టే మా పంచ్‌లకు పూత వేయించేటప్పుడు వాటి పక్కనే అదే స్టీలు ముక్క ఒకటి పెట్టిస్తాం. ఆ ముక్కను హీట్ ట్రీట్‌మెంట్ షాపులోని రాక్‌వెల్ మిషను కింద పెట్టి గుంట కొట్టిస్తాం. చుట్టూ పూత ఊడకపోతేనే బిల్లు చెల్లిస్తాం. రిజిస్టరులో తమరి పేరు కూడా రాసుకుంటాం, చిన్న అక్షరాలతో.

ఇట్లు,
తమ విధేయుడు