తీర్పు దాకా వెళ్లని దావాలు

కెమెరాలోని ఫొటోలను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం, కావలసినవి ఏరుకోవడం, నచ్చినవి నలుగురికీ పంపడం. షాట్‌వెల్ అనే ప్రోగ్రాం చేసే పని ఇదే. ఎవరైనా దాన్ని ఉచితంగా దించుకోవచ్చు, లోపలి కోడ్ చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని మళ్లీ పంచిపెట్టవచ్చు. ఇంత మామూలు పని చేసే ప్రోగ్రాం గురించి 2019లో, దాని బాగోగులు చూసే గ్నోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ మీద కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో పేటెంట్ దావా పడింది. దావా వేసిన రాత్‌స్‌చైల్డ్ పేటెంట్ ఇమేజింగ్ కంపెనీ ఫొటోల ప్రోగ్రాం ఏదీ తయారు చేయదు. ఫొటోలను వైర్‌లెస్‌గా ఒక పరికరం నుంచి మరో పరికరానికి పంపే పద్ధతి మీద దాని చేతిలో ఒక పేటెంట్ ఉంది, అంతే. ఇలాంటి కంపెనీలనే పేటెంట్ ట్రోల్స్ అంటున్నారు.

దావాతోపాటు రాజీ ప్రతిపాదన కూడా వచ్చింది. అయిదంకెల డాలర్ల మొత్తం, అదీ అయిదంకెల్లో పైమెట్టున ఉండే మొత్తం కట్టేస్తే కేసు వదిలేస్తామన్నారు. ఈ మొత్తాన్ని ఎంత జాగ్రత్తగా లెక్కగట్టి అడుగుతారో గమనించాలి. అమెరికాలో పేటెంట్ కేసును చివరిదాకా నడిపితే లాయర్ల ఖర్చు మిలియన్ల డాలర్లకు చేరుతుంది. గెలిచినా ఆ ఖర్చు సాధారణంగా తిరిగి రాదు. గెలవడానికయ్యే ఖర్చు కంటే ఓడిపోయినట్టు ఒప్పుకోవడం చౌక అయ్యేలా బేరం పెడతారు. పేటెంట్ చెల్లుతుందా, ప్రతివాది దాన్ని నిజంగా ఉల్లంఘించాడా అనే ప్రశ్నలు జడ్జి ముందుకు రానేరావు. అందుకే సాఫ్ట్‌వేర్ పేటెంట్ల వల్ల జరిగే నష్టాన్ని తీర్పులు లెక్కబెట్టి తెలుసుకోలేం. ఆ నష్టమంతా తీర్పు దాకా వెళ్లని దావాల్లో, అసలు దావా వేయకుండానే పని చేసే బెదిరింపుల్లో ఉంది.

గ్నోమ్ డబ్బు కట్టలేదు. కట్టడం సులువే అయినా, కడితే అదే ఆయుధం రేపు మరో ప్రాజెక్టు మీదికి వస్తుందని చెప్పి కోర్టులో ఎదురు దావా వేసింది. షియర్‌మన్ అండ్ స్టెర్లింగ్ అనే న్యాయ సంస్థ రుసుము తీసుకోకుండా వాదించింది. రక్షణ నిధికి 4,000 మందికి పైగా కలిసి 1,50,000 డాలర్లకు పైగా పంపారు. 2020 మే నెలలో దావా వేసిన కంపెనీ దిగివచ్చింది. షాట్‌వెల్‌తో ఆగకుండా, గుర్తింపు పొందిన ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద విడుదలైన ఏ సాఫ్ట్‌వేర్ మీదా తన పేటెంట్లతో దావా వేయబోనని రాసిచ్చింది. ఆ తరువాత ఒక న్యాయవాది అదే పేటెంట్‌ను తిరిగి పరిశీలించమని అమెరికా పేటెంట్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టారు. 2022లో ఆ పేటెంట్ రద్దయింది.

రాజీ పడి ఉంటే రద్దు కావలసిన పేటెంట్‌కు డబ్బు కట్టినట్టయ్యేది. అంతకుముందు కట్టినవాళ్లందరూ చేసింది అదే.

వాణిజ్య కంపెనీకీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకూ ఇలాంటి దావా ఒకే రకంగా తగలదు. కంపెనీ అయితే ఒక్కో కాపీకి ఇంత అని రుసుము ఒప్పుకుని, ఆ భారాన్ని ధరలో కలిపేస్తుంది. ధరే లేని ప్రోగ్రాం ఎక్కడ కలపాలి? ఎన్ని కాపీలు తిరుగుతున్నాయో రాసినవాళ్లకే తెలియని ప్రోగ్రాంకు కాపీల లెక్కన రుసుము ఎలా కట్టాలి? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో ఒకటైన జీపీఎల్ 1991 నాటి రెండో సంచికలోని ఏడో సెక్షన్ ఈ చిక్కును ముందే చూసింది. పేటెంట్ షరతు వల్ల ఒక ప్రోగ్రాంను అందుకున్న ప్రతివాడూ స్వేచ్ఛగా, రుసుము లేకుండా మళ్లీ పంచిపెట్టే వీలు లేకపోతే, దాన్ని అసలు పంపిణీ చేయడానికే వీల్లేదని ఆ సెక్షన్ చెబుతుంది. అందరి స్వేచ్ఛను పణంగా పెట్టి ఒక్కరు ప్రశాంతత కొనుక్కునే దారిని అది మూసేసింది. 2006 నవంబరులో మైక్రోసాఫ్ట్, లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అమ్మే నోవెల్ కంపెనీలు ఒకరి కస్టమర్ల మీద మరొకరు పేటెంట్ దావాలు వేయబోమని ఒప్పందం చేసుకున్నప్పుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు అంత కోపం రావడానికి కారణం ఇదే. నోవెల్ దగ్గర కొన్నవాళ్లకు రక్షణ, అదే కోడ్‌ను మరొకచోట తీసుకున్నవాళ్లకు భయం. 2007 జూన్‌లో వచ్చిన జీపీఎల్ మూడో సంచికలో ఇలాంటి ఒప్పందాలను అడ్డుకునే వాక్యాలు చేరాయి.

ఈ వైరుధ్యాన్ని మరీ దగ్గరగా చూపించే ఉదాహరణ ఓపెన్ హెచ్.264. వీడియోలను కుదించి పంపే హెచ్.264 ప్రమాణం మీద ఎన్నో పేటెంట్లు ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ లాంటి ఉచిత బ్రౌజర్లు ఆ వీడియోలను చూపించడానికి ఇబ్బంది పడుతున్నప్పుడు, 2013లో సిస్కో కంపెనీ ముందుకు వచ్చి తన కోడ్‌ను ఓపెన్ హెచ్.264 పేరుతో అందరికీ తెరిచింది. పేటెంట్ రుసుము కూడా తానే కడతానంది. మంచి పనే, దాని వల్ల కోట్ల మందికి మేలు జరిగింది. కానీ షరతు చూడండి. సిస్కో తన యంత్రాల మీద కంపైల్ చేసి (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చి), తన సర్వర్ నుంచి పంపిన ఫైలుకే ఆ రక్షణ వర్తిస్తుంది. అదే కోడ్‌ను మీరు తీసుకుని, ఒక్క అక్షరం మార్చకుండా మీ కంప్యూటర్‌లో కంపైల్ చేసుకుంటే ఆ రక్షణ మీకు లేదు. చదవవచ్చు, కానీ చదివినదాన్ని సొంతంగా నడుపుకుంటే చిక్కు. కోడ్ తెరిచి ఉన్నా స్వేచ్ఛ మాత్రం తలుపు అవతలే ఆగిపోయింది.

దావా వేయకుండానే పని చేసే బెదిరింపు ఎలా ఉంటుందో చెప్పడానికి అక్షరాల కథ ఒకటి చాలు. కంప్యూటర్ తెర మీద చిన్న అక్షరాలు స్పష్టంగా కనబడాలంటే, ఫాంటులో దాగి ఉన్న చిన్న చిన్న ఆదేశాలను చదివి గీతలను సరిచేయాలి. ఆ పద్ధతి మీద ఆపిల్‌కు పేటెంట్లు ఉండేవి. లినక్స్ డెస్క్‌టాపులలో అక్షరాలు గీసే ఫ్రీటైప్ లైబ్రరీలో ఆ ఆదేశాలను చదివే కోడ్ ఉంది, అది చక్కగా పని చేస్తుంది కూడా. అయినా ఏళ్ల తరబడి అది మూసే ఉంది. ఒక సెట్టింగుల ఫైలులో ఒక్క వరుసను కంప్యూటర్ పట్టించుకోని వ్యాఖ్యగా మార్చి పెట్టారు, అంతే. ఆ వరుస ముందున్న గుర్తులు చెరిపేసి మళ్లీ కంపైల్ చేస్తే అక్షరాలు తేటపడేవి. 2010 మే నెలలో పేటెంట్ల గడువు ముగిసింది. కొద్ది వారాల్లోనే వచ్చిన కొత్త సంచికలో ఆ వరుస తెరుచుకుంది. ఏ కోర్టూ ఆజ్ఞ ఇవ్వకుండానే అన్నేళ్లపాటు లక్షల మంది మసక అక్షరాలు చదివారు. ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే ఇంతే, చూపుకు ఆనదు అని ఎందరు అనుకుని ఉంటారో! లోపం రాసినవాళ్ల నైపుణ్యంలో లేదని వాళ్లకు చెప్పేదెవరు?

ఎంపీ3 పాటలదీ ఇదే దారి. రెడ్ హ్యాట్ 2002లో తన లినక్స్ నుంచి ఎంపీ3 సదుపాయాన్ని తీసేసింది. 2017లో పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం ముగిసేదాకా ఆ చీకాకు సాగింది. అంతా పాతకాలపు సంగతి అనుకుంటే పొరపాటు. 2022లో ఫెడోరా లినక్స్, గ్రాఫిక్స్ కార్డు సాయంతో హెచ్.264, హెచ్.265 వీడియోలు నడిపే సదుపాయాన్ని తన ప్యాకేజీల నుంచి న్యాయపరమైన కారణాలతో తొలగించింది. దాని మీద ఎవరూ దావా వేయలేదు.

దీనికి ఎదురుగా ఒక వాదన ఉంది. జిఫ్ బొమ్మల వెనుక ఉన్న ఎల్‌జడ్‌డబ్ల్యూ కుదింపు పద్ధతి మీద యూనిసిస్ 1994 చివర్లో రుసుము అడిగింది కాబట్టే పీఎన్‌జీ అనే మరో బొమ్మల ఫార్మాట్ పుట్టింది, ఎంపీ3 పేటెంట్ల వల్లే ఆగ్ వోర్బిస్ వచ్చింది, వీడియో పేటెంట్ల వల్లే 2018లో ఏవీ1 వచ్చింది, కాబట్టి పేటెంట్లు కొత్త ఆవిష్కరణకు పురికొల్పుతాయి అంటారు. పీఎన్‌జీ నిజంగానే జిఫ్ కంటే మెరుగైనది, నేను ఒప్పుకుంటాను. అయితే నడుస్తున్న వంతెనను వదిలేసి పక్కనే మరో వంతెన కట్టవలసి వచ్చినవాళ్ల శ్రమను వంతెనను మూసినవాడి ఖాతాలో వేయడం న్యాయం కాదు. అదే శ్రమ ఇంకా వంతెన లేని ఏటి మీద పెట్టి ఉండవచ్చు.

పేటెంట్ వెనుక ఉన్న మూల ఒప్పందం కూడా సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి చెడిపోయింది. ఆవిష్కర్త తన రహస్యాన్ని లోకానికి చెప్పాలి, బదులుగా సమాజం 20 ఏళ్ల గుత్తహక్కు ఇస్తుంది. మరి చెప్పిన రహస్యాన్ని ఎవరు చదువుతున్నారు? తెలిసి ఉల్లంఘించారని తేలితే అమెరికా చట్టం నష్టపరిహారాన్ని మూడింతల వరకు పెంచనిస్తుంది. అందుకని పేటెంట్లు చదవవద్దని ప్రోగ్రామర్లకు సలహా ఇచ్చే లాయర్లున్నారు. చదవకూడని పుస్తకాలతో నిండిన గ్రంథాలయానికి బదులుగా గుత్తహక్కులు ఇస్తున్నాం. కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ కనూత్ 1994లోనే అమెరికా పేటెంట్ కార్యాలయానికి ఉత్తరం రాసి, రచయితలకు పదాలు ఎలాగో ప్రోగ్రామర్లకు అల్గారిథమ్‌లు అలాగని హెచ్చరించారు. బిల్ గేట్స్ కూడా 1991 నాటి ఒక అంతర్గత పత్రంలో, నేటి ఆలోచనలు పుట్టిన రోజుల్లోనే జనం పేటెంట్లు తీసుకుని ఉంటే పరిశ్రమ స్తంభించిపోయేదని రాశారు.

అదే మైక్రోసాఫ్ట్ 2007లో లినక్స్, ఇతర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కలిపి తన పేటెంట్లలో 235ను ఉల్లంఘిస్తున్నాయని ప్రకటించింది. లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో 42, ఓపెన్ ఆఫీస్‌లో 45 అంటూ విడివిడి లెక్కలు చెప్పింది గానీ ఆ 235 ఏవో జాబితా ఇవ్వలేదు. జాబితా ఇస్తే వాటిని పక్కకు తప్పించి కొత్త కోడ్ రాసుకునేవారు, చెల్లని వాటిని సవాలు చేసేవారు. జాబితా లేని ఆరోపణను సవాలు చేసేదెలా? 2009లో దారి చూపే పరికరాలు తయారు చేసే టామ్‌టామ్ మీద దావా వేసినప్పుడు మాత్రం మైక్రోసాఫ్ట్ పేటెంట్లను పేరు పెట్టి చూపించింది. ఒకే ఫైలుకు పొట్టి పేరు, పొడుగు పేరు రెండూ ఉంచే పద్ధతి వాటిలో ఉంది. నెల రోజులు దాటగానే టామ్‌టామ్ రాజీ పడింది. ఆ తరువాత సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు పేరు తెచ్చిన ఆండ్రూ ట్రిడ్జెల్, ఆ పేటెంట్ పరిధిలోకి రాకుండా లినక్స్ కోడ్‌ను మార్చే దారి చూపారు. పేటెంట్ ఏదో తెలిశాక సముదాయం పనికి దిగింది. 2018లో మైక్రోసాఫ్ట్ మనసు మార్చుకుని 60,000 పేటెంట్లతో, లినక్స్ మీద పేటెంట్లు ప్రయోగించబోమని కంపెనీలు ఒప్పుకునే ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. ఆ మార్పును నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను.

అయితే 2005లో ఐబీఎం, నోవెల్, ఫిలిప్స్, రెడ్ హ్యాట్, సోనీ కలిసి పెట్టిన ఈ నెట్‌వర్క్ కాపు కాసేది పని చేసే కంపెనీల మధ్యనే. నువ్వు నా మీద దావా వేస్తే నేనూ నీ మీద వేస్తానన్న భయం అక్కడ అందరినీ నిలువరిస్తుంది. ట్రోల్ ఏ వస్తువూ తయారు చేయదు, కాబట్టి మన పేటెంట్‌ను ఉల్లంఘించిందంటూ దాని మీద ఎదురు వేయడానికి ఏమీ ఉండదు. ఎన్ని పేటెంట్లు పోగేసినా ఆ గోడలో ఈ కన్నం పూడదు.

ఇక కోర్టులు. తీర్పు దాకా వెళ్లిన అరుదైన కేసులు రెండు రకాలుగానూ ముగిశాయి. తెర మీద పని స్థలాలను విడివిడిగా ఉంచే పద్ధతిపై ఐపీ ఇన్నోవేషన్ అనే కంపెనీ వేసిన దావాలో, 2010లో టెక్సస్ జ్యూరీ రెడ్ హ్యాట్, నోవెల్‌ల పక్షాన నిలిచి ఆ పేటెంట్లు చెల్లవని తేల్చింది. మరుసటి ఏడాది అదే టెక్సస్‌లో, లినక్స్ కెర్నల్‌లోని ఒక చిన్న పట్టిక నిర్వహణ విషయంలో గూగుల్ 50 లక్షల డాలర్లు చెల్లించాలని మరో జ్యూరీ అంది. 2014 జూన్ 19న ఆలిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నైరూప్యమైన ఆలోచనను మామూలు కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంట్‌కు అర్హత రాదని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుతో ఎన్నో పేటెంట్లు కూలాయి. యూరప్‌లో 2005 జూలైలోనే సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు సంబంధించిన చట్ట ప్రతిపాదనను యూరోపియన్ పార్లమెంటు 648–14 ఓట్లతో తిరస్కరించింది. సమస్య ముగిసిందని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ షాట్‌వెల్ మీద ప్రయోగించిన ఆ పేటెంట్ మంజూరైంది ఎప్పుడో తెలుసా? ఆలిస్ తీర్పు వచ్చిన దాదాపు నాలుగేళ్లకు, 2018లో.

చట్టం మారాలని కోరుతూనే, చేతిలో ఉన్న పనిముట్టును ఇంకా బాగా వాడాలి. పేటెంట్‌ను తిరిగి పరిశీలించమని అమెరికాలో ఎవరైనా, ఎప్పుడైనా అడగవచ్చు, అందుకు తన మీద దావా పడి ఉండనక్కరలేదు. ముప్పు వచ్చేదాకా వేచి ఉండకుండా, తిరుగుతున్న బలహీనమైన పేటెంట్లను ఒక్కొక్కటిగా సవాలు చేయడానికి ఉమ్మడి నిధి ఒకటి పెట్టుకోవడం సాధ్యమే. ఒక్క కేసుకే 4,000 మంది ముందుకు వచ్చారు కదా. అయితే ఈ మార్గంలో పేటెంట్ కార్యాలయం ఆధారంగా తీసుకునేవి పాత పేటెంట్లు, ప్రచురితమైన పత్రాలు. అంటే ఒక ప్రోగ్రాం ఆ పని ముందే చేసేదని నోటితో చెబితే చాలదు, ఎలా చేసేదో రాసి, తేదీ వేసి, బహిరంగంగా ప్రచురించి ఉండాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో అందరూ వాయిదా వేసే పని సరిగ్గా ఇదే. కోడ్ రాసినవాళ్ల పేర్లు అందరికీ తెలుస్తాయి, వాడుక పుస్తకం రాసినవాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు. ఈ సదుపాయం ఈ సంచికలో చేరింది, ఇలా పని చేస్తుంది, ఇందుకోసం ఈ పద్ధతి వాడాం అని ఎవరో ఓపిగ్గా రాసి పెట్టిన పేజీ, పదేళ్ల తరువాత ఒక పేటెంట్‌ను రద్దు చేయించగల పత్రం అవుతుంది. ఈ ఏడాది విరాళం ఇవ్వాలనుకునే సంస్థలు ముందుగా ఆ పేజీలు రాసేవాళ్లకు జీతం ఇవ్వాలి.