100 వాట్ల బల్బు పెడితే రాత్రి పగలవుతుందా? పికప్ హెడ్‌లైట్ సందేశానికి ఖండన

పికప్ నడిపేవాళ్ల ఫోన్లలో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. దాని సారం ఇదీ: "హెడ్‌లైట్ బల్బు మార్చడానికి మెకానిక్ దండగ, ఇంట్లోనే ఐదు నిమిషాల పని. 60/55 పీకేసి 100/90 వేయండి, లేదంటే ఎల్‌ఈడీ వేయండి, రాత్రి పగలైపోతుంది. ఫ్యూజు పోతుంటే పెద్ద ఫ్యూజు వేయండి. గాజును వేలితో ముట్టుకోకూడదన్నది ఉత్త భయం. ఒకటి పోతే ఒకటే మార్చండి. మార్చింది బల్బే కాబట్టి ఫోకస్ చూసుకోనక్కర్లేదు. లైటు అద్దం పచ్చబడితే టూత్‌పేస్టు రుద్దండి, కొత్తదవుతుంది."

ఇంట్లో చేసుకోదగ్గ పని అన్న మాట నిజం. మిగతాదంతా బల్బును ఒంటరి వస్తువుగా చూడటం వల్ల వచ్చిన తిప్పలు. రోడ్డు మీద పడే వెలుగును ఫిలమెంటు (బల్బులో వెలిగే తీగ) ఉన్న చోటు, దానికి అందే ఓల్టేజి, దాని వెనకుండి వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టరు, బండి నిలబడ్డ వాలు కలిసి తేలుస్తాయి. బల్బు మీద రాసిన వాట్లు ఆ లెక్కలో చిన్న భాగం. 60/55 అంటే దూరానికి వేసే హై బీమ్ 60 వాట్లు, దగ్గరికి వేసే లో బీమ్ 55 వాట్లు.

"ఐదు నిమిషాల పని."

కొన్ని బళ్లలో నిజమే. చాలా పికప్‌లలో మాత్రం ఒకవైపు లైటు వెనక బ్యాటరీయో, ఎయిర్ ఫిల్టర్ డబ్బాయో, వాషర్ నీళ్ల గొట్టమో అడ్డం ఉంటుంది. బ్యాటరీ తీస్తే ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పాలి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్. కొన్నింటిలో చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు ఊడదీసి అటునుంచి చెయ్యి పెట్టాలి. మరికొన్నింటిలో బోల్టులు విప్పి లైటు మొత్తాన్ని ముందుకు లాగాలి. అలా లాగేటప్పుడు పక్కకు వంచితే లోపలి ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. అది విరిగాక లైటు వణుకుతుంది, ఏ బల్బు వేసినా దారి స్థిరంగా కనిపించదు.

మొదలుపెట్టే ముందు లైట్లు ఆపి, తాళం చెవి తీసి, కనీసం 15 నిమిషాలు చల్లారనివ్వాలి. హాలోజన్ బల్బు గాజు వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది, లోపలి వాయువు ఒత్తిడిలో ఉంటుంది. అందుకే కళ్లద్దాలు పెట్టుకోమంటాం. బండికి కంపెనీ నుంచే జెనాన్ లైట్లు వచ్చి ఉంటే చెయ్యి పెట్టకండి. వెలిగించే క్షణంలో వాటికి 20,000 ఓల్టులకు పైనే అందుతుంది.

కొత్త బల్బు కొనేముందు పాతదాని అడుగున రాసింది చదవండి. అక్కడ బల్బు రకం పేరుంటుంది. హెచ్4 రకంలో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. హెచ్7, హెచ్11లలో ఒక్కటే. పికప్‌కు 12 ఓల్టులది కావాలి. పెద్ద లారీలకు వాడే 24 ఓల్టుల హెచ్4 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ 12 ఓల్టుల మీద మినుకుమంటుంది.

హెచ్4 అయితే పని ఈ వరసలో సాగుతుంది. మూడు పిన్నుల కనెక్టరును వైరు పట్టుకుని కాకుండా ప్లాస్టిక్ పట్టుకుని అటూఇటూ కదుపుతూ లాగాలి. తర్వాత రబ్బరు కవరు. దాని మీద పైకి ఉండాల్సిన వైపు గుర్తు ఉంటుంది, చూసి పెట్టుకోండి. లోపల తీగ స్ప్రింగ్ క్లిప్పు ఎటు నొక్కితే వదిలిందో ముందే ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు తిట్టుకోవాల్సిన పని ఉండదు. కొత్త బల్బుకు మూడు చెవులుంటాయి, ఒకటి మిగతా రెంటికంటే వెడల్పు. అవి మూడూ మూడు గాట్లలో కూర్చున్నాక వేలితో తిప్పితే బల్బు తిరగకూడదు. తిరిగిందంటే కూర్చోలేదు. కూర్చోని బల్బు మీద క్లిప్పు నొక్కేయడమే ఇంటి పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. ఆ లైటు చెట్ల కొమ్మలను వెలిగిస్తుంది. హెచ్11 లాంటివాటికి క్లిప్పు ఉండదు. వెనకనుంచి చూస్తూ అపసవ్యంగా పావు చుట్టు తిప్పితే వచ్చేస్తుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు రింగు పగిలి ఉంటే లోపలికి తేమ చేరుతుంది. హెచ్4 రబ్బరు కవరు వంకరగా పెట్టినా అంతే, మొదటి వానకే లోపల ఆవిరి పడుతుంది.

"100/90 వేస్తే రాత్రి పగలు. ఫ్యూజు పోతే పెద్దది వేయండి."

ఈ సందేశంలో అసలైన ప్రమాదం ఇదే. 12 ఓల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు, 100 వాట్లంటే 8.3. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటితే వైరులో పుట్టే వేడి అంతే పెరగదు, కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది. 8.3ని 5తో భాగించి వర్గం చేయండి: దాదాపు 2.8 రెట్లు. ఆ వేడి ముందుగా బయటపడేది బల్బు వెనక కనెక్టరులో. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, లోపలి స్ప్రింగు పట్టు సడలుతుంది, పట్టు సడలితే వేడి ఇంకా పెరుగుతుంది. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి, బల్బును కాదు. దాన్ని పెద్దది చేస్తే కరిగే పని ఫ్యూజు బదులు వైరు చేస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ఇంత చేసినా వెలుగు అనుకున్నంత రాదు. హాలోజన్ బల్బు వెలుగు ఓల్టేజితో పాటు సమానంగా తగ్గదు. సుమారుగా ఓల్టేజి 3.4వ ఘాతం లెక్కన పడిపోతుంది. బల్బు పరీక్షకు వాడే 13.2 ఓల్టులకు బదులు 12.2 అందితే, పోయింది ఒక్క ఓల్టే అయినా వెలుగు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. పాతబడ్డ వైరింగులో, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే చోటు) దగ్గర ఒక ఓల్టు పోవడం అరుదేం కాదు. అలాంటి వైరుకు పెద్ద బల్బు తగిలిస్తే కరెంటు పెరిగి, పోయే ఓల్టేజి కూడా పెరుగుతుంది. 5 ఆంపియర్ల దగ్గర 1 ఓల్టు మింగే వైరు 8 ఆంపియర్ల దగ్గర 1.6 ఓల్టులు మింగుతుంది. ముందు దారిలో వృథా అయ్యేది 5 వాట్లు, ఇప్పుడు 13 వాట్లకు దగ్గర.

కాబట్టి లైటు డిమ్ముగా ఉందనిపిస్తే బల్బు కొనేముందు మల్టీమీటరు తీయండి. ఇంజను నడుస్తూ, లైటు వెలుగుతూ ఉండాలి, కనెక్టరు బల్బుకే ఉండాలి. ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబు కనెక్టరు వెనకనుంచి లో బీమ్ పిన్నుకు తగిలించండి. మీటరు చూపించేది దారిలో పోతున్న ఓల్టేజి. తర్వాత ఎర్ర ప్రోబును కనెక్టరు ఎర్త్ పిన్నుకు, నల్లదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి ఎర్త్ వైపు చూడండి. ఒక్కోవైపు 0.3 ఓల్టు లోపుంటే బాగున్నట్టే. అర ఓల్టు దాటితే పని బల్బులో లేదు. ఎర్త్ బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి బిగిస్తే తేడా కంటికే తెలుస్తుంది. ఒకవైపు లైటు మాత్రమే డిమ్ముగా ఉంటే ముందు అనుమానించాల్సిందీ ఆ ఎర్త్‌నే.

పాజిటివ్ వైపు ఓల్టేజి పోతుంటే మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కణ్నుంచి రిలే 30వ పిన్ను, 87 నుంచి బల్బుకు. పాత లైటు వైరు 85, 86ల మీద రిలేను లాగడానికి మాత్రమే. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి. ఇలా చేస్తే 60/55 బల్బే, పాత వైరింగు మీద వేసిన 100/90కి పోటీ వస్తుంది, ఏదీ కరగదు. రెండు జాగ్రత్తలు. కొన్ని పికప్‌లలో స్విచ్ పాజిటివ్‌ను కాక ఎర్త్‌ను తెంపి కలుపుతుంది, కాబట్టి మీటరుతో చూడకుండా రిలే వైర్లు కలపొద్దు. లైట్లను కంప్యూటరు నడిపే కొత్త బళ్లలో కరెంటు తుంపులు తుంపులుగా వస్తుంది, మామూలు రిలే గిజగిజలాడుతుంది. వాటి జోలికి పోకపోవడం మేలు.

"లేదంటే ఎల్‌ఈడీ వేయండి."

హెచ్4లో లో బీమ్ ఫిలమెంటు రిఫ్లెక్టరు నాభికి (ఫోకస్ బిందువుకు) కొంచెం ముందు ఉంటుంది. దాని కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందికి పోయే వెలుగును ఆ దొప్ప ఆపేస్తుంది కనుకే ఎదుటివాడి కళ్లలో పడకుండా వెలుగుకు పైన ఒక గీత ఏర్పడుతుంది. ఫిలమెంటు అంటే సుమారు 5 మిల్లీమీటర్ల పొడవున్న సన్నని చుట్ట, అన్ని వైపులా వెలుగుతుంది. ఎల్‌ఈడీ బల్బులో దాని స్థానంలో ఒక పలకకు రెండు పక్కలా అతికించిన చిప్పులుంటాయి. పలక మందం ఫిలమెంటును మించితే ఏ చిప్పూ అసలు చోటులో ఉండదు. రిఫ్లెక్టరు ఒక మిల్లీమీటరు తేడాను రోడ్డు మీద మీటర్లుగా చూపిస్తుంది.

అలాంటి బల్బు వేసినవాళ్లు వెలుగు బాగా పెరిగిందనడంలో అబద్ధం లేదు. పెరిగింది బంపరు ముందు పది పదిహేను మీటర్లలో. దగ్గర నేల తెల్లగా మెరిస్తే కంటిపాప చిన్నదవుతుంది, దూరాన ఉన్న గుంత ఇంకా చీకట్లోకి పోతుంది. వెనక ఉండే ఫ్యానో, వేడి విడిచే రెక్కలో రబ్బరు కవరును మూసుకోనివ్వకపోతే దుమ్ము, నీళ్లు లోపలికి వెళ్తాయి. లైటును, బల్బును జంటగా పరీక్షించి ఆమోదించడం చాలా దేశాల పద్ధతి; హాలోజన్ కోసం ఆమోదించిన లైటులో ఏదో ఒక ఎల్‌ఈడీ దూరిస్తే ఆ ఆమోదం ఉండదు. హెచ్11 లాంటివాటిలో ఇప్పటికే వేసి ఉంటే కనీసం చిప్పులు కుడి ఎడమలకు చూస్తున్నాయో లేదో చూడండి. పైకీ కిందికీ చూస్తుంటే గీత చెదిరిపోతుంది.

నీలం పూత హాలోజన్ల గురించి రెండు ముక్కలు చాలు: పూత వెలుగును కొంత మింగుతుంది, ఆ లోటు పూడ్చడానికి ఫిలమెంటును ఎక్కువ వేడి మీద నడిపితే ఆయుష్షు పోతుంది.

"ముట్టుకోకూడదన్నది ఉత్త భయం."

ముట్టుకోగానే పేలదు, అది నిజం. ఆ ధైర్యంతోనే ఈ మాట పుట్టి ఉంటుంది. జరిగేది నెమ్మదిగా జరుగుతుంది. చర్మం మీది నూనె, చెమటలోని ఉప్పు వేడి క్వార్ట్జ్ గాజుకు అంటుకుంటే అక్కడ గాజు తెల్లగా పొడిబారుతుంది, ఆ మచ్చ వేడిని పట్టి ఉంచుతుంది, చివరికి అక్కడే ఉబ్బుతుంది లేదా పగులుతుంది. పొరపాటున తాకితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక బిగిస్తే సరిపోతుంది. పెట్రోలు, థిన్నరు వద్దు.

"ఒకటి పోతే ఒకటే మార్చండి."

ఇందులో పెద్ద గొడవ లేదు. రెండూ ఒకేరోజు వేసినవైతే రెండోది కూడా ఆఖరి రోజుల్లో ఉన్నట్టే. రెండూ మార్చి, వెలుగుతున్న పాతదాన్ని డబ్బాలో దాచుకోండి, దారిలో పనికొస్తుంది. రెండు లో బీములూ ఒకేసారి ఆరిపోతే మాత్రం బల్బుల జోలికి పోకుండా ఫ్యూజు, రిలే, స్విచ్ చూడండి. బల్బులు తరచూ పోతుంటే ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఓల్టేజి కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే ఆల్టర్నేటర్ రెగ్యులేటరు చెడింది. ఓల్టేజి 5 శాతం పెరిగితే చాలు, బల్బు ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

"ఫోకస్ చూసుకోనక్కర్లేదు."

కారుకంటే పికప్‌కు ఇది ఎక్కువ అవసరం. పాత బల్బు విప్పకముందే చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి, వెలుగు పైగీత ఎక్కడుందో టేపుతో గుర్తు పెట్టండి. కొత్త బల్బు వేశాక గీత అక్కడే ఉండాలి. రాకపోతే స్క్రూ తిప్పేముందు బల్బు సరిగ్గా కూర్చుందో లేదో మళ్లీ చూడండి. సర్దాల్సిన కొలత తరచుగా లైటు దగ్గర శాతంలోనే రాసి ఉంటుంది: 1 శాతమంటే 10 మీటర్ల దూరాన లైటు మధ్య ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు కిందికి.

ఇప్పుడు లోడు వేద్దాం. ముందు, వెనక చక్రాల మధ్య 3 మీటర్లు, లోడుకు వెనకభాగం 6 సెంటీమీటర్లు కుంగింది అనుకోండి. 300కి 6 అంటే 2 శాతం. కిందికి 1 శాతం చూడాల్సిన గీత పైకి 1 శాతం చూస్తుంది. లైటు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 50 మీటర్ల దూరాన గీత 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాల్సింది 140కి ఎక్కుతుంది. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కళ్లు అంతకంటే కిందే ఉంటాయి. డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉన్నది ఇందుకే: ఖాళీ బండికి 0, లోడు పెరిగేకొద్దీ పై అంకె. ఆ చక్రాన్ని 0 మీదే ఉంచి టేపు గుర్తులు పెట్టాలి. అది లేని బండిని రోజూ ఎంత లోడుతో తిప్పుతారో అంత లోడు వేసి, టైర్లలో గాలి సరిచూసి ఫోకస్ పెట్టుకోండి.

"టూత్‌పేస్టు రుద్దితే కొత్తదవుతుంది."

కొన్నాళ్లపాటు అవుతుంది. ఆ పారదర్శక భాగం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపడానికి దాని మీద గట్టి పూత ఉంటుంది. ఆ పూత చెడితేనే పచ్చబడుతుంది. టూత్‌పేస్టు చేసేది చెడిన పొరను కాస్త గీకడం. దాని కింద రక్షణ లేని ప్లాస్టిక్ బయటపడి మళ్లీ పచ్చబడుతుంది. పని నిలవాలంటే చుట్టూ పెయింటుకు టేపు వేసి, నీళ్లు పోస్తూ 800, 1500, 2000, 3000 నంబర్ల ఎమరీ కాగితాలతో వరసగా రుద్ది, పాలిష్ చేసి, ఆరాక ఆరోజే యూవీని ఆపే క్లియర్ కోటు కొట్టాలి. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకుండా తర్వాతి నంబరుకు వెళ్తే ఆ గీతలే రాత్రి వెలుగులో బయటపడతాయి. మసక లోపలివైపు ఉంటే, లేదా రిఫ్లెక్టరు వెండి పూత పొడిలా రాలుతుంటే, ఏ కాగితమూ అక్కడికి చేరదు. లైటు మొత్తం మార్చాల్సిందే.